ఖవ్వాలీ క్యాసెట్

కువైట్ లడాయి మొదలైనప్పుడు అక్కడి నుంచి బయటపడ్డ మా మరిది జనార్దన్, కొన్నాళ్ళు బొంబాయిలో తిరిగి తిరిగి, మరుసటి ఎండాకాలం ఇల్లు చేరాడు. ప్రాణం దక్కితే చాలని ఉత్త చేతులతో వచ్చినవాళ్ళున్నారు. నడుముకు బంగారం చుట్టుకుని వచ్చిన గట్టివాళ్ళూ ఉన్నారు. మావాడు మాత్రం దుప్పట్లో చుట్టి ఒక కంప్యూటర్ తెచ్చాడు. ఎడారి దాటి, జోర్డాన్ గుడారాల్లో పడుకుని, దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని వచ్చాడట. పెళ్ళాన్ని అయినా అంత జాగ్రత్తగా తెచ్చేవాడు కాదు.

చూడటానికి అది ఉత్త టైపు మిషను. మీటల మీద ఇంగ్లీషు అక్షరాల పక్కనే అరబ్బీ అక్షరాలు. ఒక తీగ టీవీకి, ఇంకో తీగ టేపురికార్డరుకు తగిలించాలి. కరెంటు ఉన్నంతసేపే దానికి తెలివి. కరెంటు పోయిందా, చెప్పిందంతా మరిచిపోయి కూర్చుంటుంది. అందుకని పోకముందే, చెప్పినదాన్ని పాటలు ఎక్కించినట్టు క్యాసెట్లోకి ఎక్కించుకోవాలి. సిరిసిల్ల నుంచి ఎల్లారెడ్డిపేట పోయే తోవలో ఉన్న మా ఊళ్ళో గంటకోసారి కరెంటు పోయేది.

"వదినె, టేపు నాకు గావాలె," అన్నాడు వచ్చిన తెల్లారే.

"గది మీ అన్నది."

"మా అన్నదైతే నాది గాదా?"

"మీ అన్నయన్నీ నీవే అనుకుంటున్నవా?"

వాడి మొహం ఎర్రబడింది. నేను చూపు తిప్పుకోలేదు. మా ఆయన బాలకిషన్ సౌదీలో కట్టడం మీద నుంచి పడి చనిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ టేపురికార్డరు ఆయన మొదటిసారి వచ్చినప్పుడు భుజాన వేసుకుని తెచ్చింది. మగ్గం మీద ఉన్న మా మామ భూమయ్య అక్కడి నుంచే అన్నాడు, "ఇయ్యి బిడ్డా. ఆడు నా అంచు కోసమే అడుగుతుండు." మామ మాట తీసేయలేక ఇచ్చాను. ఇచ్చినట్టు ఇవ్వలేదు, వాడి ముందర పడేశాను.

మామ చెప్పిన అంచు సంగతి ఇది. ఆయన వయసులో ఉన్నప్పుడు షోలాపూర్ పోయి జకార్డు పని నేర్చుకుని, తనంతట తాను ఒక హంసల అంచు కట్టుకున్నాడు. జకార్డు మగ్గానికి పైన బొక్కలు కొట్టిన అట్టల దండ వేలాడుతుంది. బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. హంస ముక్కూ తోకా అన్నీ ఆ బొక్కల్లోనే ఉంటాయి. ఆ అట్టల్ని సగం చెదలు తిన్నాయి, మిగతా సగం ఎలుకలు మొదలుపెట్టాయి. మళ్ళీ కొట్టించుకుందామంటే కొట్టే మనిషి లేడు. ఉన్నవి ఉన్నట్టు మిషన్లోకి ఎక్కించి పెడితే ఎన్నటికైనా మళ్ళీ కొట్టించుకోవచ్చునని జనార్దన్ ఆశ. ఆశ మంచిదే. మనిషే నాకు పడడు.

తండ్రి అట్ట పట్టుకుని చదివేవాడు, కొడుకు మీటలు నొక్కేవాడు. "ఉన్నది... లేదు... లేదు... ఉన్నది... ఉన్నది... లేదు..." పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఇదే భజన. బీడీలు చుడుతూ వింటుంటే నా తల పగిలిపోయేది. పక్కింటి మల్లవ్వ గోడ మీద నుంచి తొంగి చూసి అడగనే అడిగింది.

"ఏమున్నదే రత్నా, ఏం లేదే మీ ఇంట్ల?"

"మిషిని ఉన్నది, మనుసులకు తెలివి లేదు," అన్నాను.

మల్లవ్వ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎంత దూరం పోతుందో నాకు అప్పుడు తెలియదు.

చదివింది క్యాసెట్లోకి ఎక్కేటప్పుడు చూడాలి, ఆ చప్పుడు! రేకు మీద మేకు పెట్టి గీసినట్టు కీచుమని మొదలై ఎంతకీ ఆగదు. ఒకసారి ఎక్కిస్తే ఊరుకోడు, అదే ఇంకో క్యాసెట్లోకి, మళ్ళీ ఇంకో క్యాసెట్లోకి. వాటిని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఒకటి బియ్యం డ్రమ్ములో, ఒకటి నూలు కట్టల నడుమ, ఒకటి దూలం సందులో దాచాడు. ఒకనాడు బియ్యం ముంచబోతే చేటలో క్యాసెట్టు పడింది.

"ఇదేంది? క్యాసెట్ల కూర వండాల్నా నీకు?"

"ఉండనీ వదినె. కువైట్ల మా షేటు తన లెక్కలన్నీ ఒక్క కాడనే వెట్టిండు. దుకాన్ కాలింది, అన్ని బూడిదైనయి. షేటు రోడ్డు మీద కూసోని ఏడ్సిండు. ఒక్కటే ఉంటే లేనట్టే లెక్క."

అంత తెలివైన మాట చెప్పినవాడు నాకేం చేశాడో చెబుతాను.

మా వైపు గల్ఫుకు పోయిన మనుషులు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్ళు. మా ఆయనకు కలం పడితే నాలుగు ముక్కలు వచ్చేవి కావు, నోరు తెరిస్తే నలభై వచ్చేవి. మాటలు నింపి ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. నేను విని, దాని మీదే నా మాటలు నింపి, పోయేవాళ్ళ చేతికి ఇచ్చేదాన్ని. ఆయన విని మళ్ళీ దాని మీదే నింపేవాడు. అందరి ఇళ్ళల్లో అదే రివాజు. ఒక్క క్యాసెట్టు ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరిగేది. కొత్త మాట రావాలంటే పాత మాట చెరిగిపోవాలి. మనిషే ఉన్నాడు కదా, మాటలకేం కరువు అనుకునేవాళ్ళం. ఆయన పోయేనాటికి నా దగ్గర మిగిలింది నేనింకా జవాబు నింపనిది, ఒక్కటే ఒక్కటి. ఖవ్వాలీల క్యాసెట్టు అది. పైన ఖవ్వాలీ అనే ఉండేది. పాటలు చెరిగిపోకుండా కంపెనీవాళ్ళు విరిచి ఉంచిన మూలల్లో కాగితం కుక్కి ఆయన దాని మీద మాట్లాడాడు.

ఒక మధ్యాహ్నం జనార్దన్ సిరిసిల్ల పోయాడు. మామ కునుకు తీస్తున్నాడు. నేను క్యాసెట్లు పెట్టుకునే పెట్టెలో చెయ్యిపెట్టి చూస్తే ఆ క్యాసెట్టు లేదు. టేపురికార్డరు మూత తీస్తే అందులో ఉంది. మీట నొక్కాను. ఆయన గొంతు వచ్చింది. కొద్దిగా, పిలిచినట్టు, నాలుగు మాటలు. ఆ తర్వాత కీచుమని ఆ చప్పుడు. ముందుకు తిప్పాను, చప్పుడే. ఇంకా ముందుకు తిప్పాను, చప్పుడే. తిప్పేసి రెండో పక్క పెట్టాను. అక్కడా అదే.

వాడు ఇంట్లో అడుగుపెట్టే సరికి గడపలోనే నిలబడి ఉన్నాను.

"గది ఖవ్వాలీ అనుకున్న వదినె. పైన గట్లనే ఉన్నది."

"ఇని చూడొద్దారా?" మరిదిని అరే తురే అనడం అదే మొదలు.

"క్యాసెట్లు ఒడిసినయి. టేపు మొదట్ల సాగి ఉంటదని జర వదిలి ఎక్కిచ్చిన. ఇంటే ఎక్కిత్తునా?"

"నీ బొమ్మలు మూడు మూడు కాడ దాసుకున్నవు. మీ అన్న మాట ఎన్ని కాడ దాసినవు?"

వాడు తల వంచుకున్నాడు. తల వంచుకుంటే పోయింది వస్తుందా? "నీ చేతులు ఇరుగ!" అని తిట్టాను. మల్లవ్వ గోడ మీద నుంచి వినే ఉంటుంది. విననీ అనుకున్నాను. ఆ క్యాసెట్టు లాక్కుని, పొయ్యిలో పెట్టేశానని వాడితో చెప్పాను. పెట్టలేదు. నాలుగు మాటలైనా మిగిలాయి కదా. బీడీల చేటలో తునికాకు కట్ట అడుగున దాచుకున్నాను. ఆనాటి నుంచి వాడికి అన్నం పెట్టానే గానీ మాట పెట్టలేదు.

అప్పటి రోజులు తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పగలు పోలీసులు, పొద్దుగూకితే అన్నలు. ఇద్దరికీ నీళ్ళివ్వాలి, ఇద్దరికీ ఏమీ తెలియదని చెప్పాలి. అన్నల పాటల క్యాసెట్టు ఇంట్లో దొరికితే చాలు, పిల్లల్ని జీపెక్కించేవాళ్ళు. అలాంటి ఊళ్ళో మా ఇంట్లో నుంచి రోజంతా ఉన్నది లేదు అనే భజన, కీచుమనే చప్పుడు! వైర్‌లెస్సులో దళానికి కబురు పోతోందని ఠాణాకు ఎవరు మోశారో నాకు చూపించినవాళ్ళు లేరు. చూపించనక్కరలేదు కూడా. ఇప్పటికీ మల్లవ్వ ఎదురైతే నేను పక్కకు తిరిగి ఉమ్మేస్తాను.

ఎండ మండిపోతుండగా జీపు వచ్చింది. బియ్యం డ్రమ్ము వాకిట్లో బోర్లించారు. కవర్లో చుట్టిన క్యాసెట్టు బయటపడగానే కానిస్టేబుల్ కళ్ళు మెరిశాయి.

"పాటల క్యాసెట్టు బియ్యంల ఎవడు వెడుతడు బే?"

"పాటలు గాదు సార్. గది... ఒక్కటి ఖరాబైతే ఇంకొకటి ఉండాలని..."

"ఇంకొకటి గూడ ఉన్నదా?"

నిజం చెప్పడం కన్నా పెద్ద తప్పు ఆ రోజుల్లో లేదు. నూలు కట్టలు విప్పారు, దూలం కింద నిచ్చెన వేశారు. దాచినవి ఒక్కొక్కటి దొరికిన కొద్దీ వాడికి ఒక్కొక్క దెబ్బ ఎక్కువ పడింది. ఒకడు లోపల చీటీ ఏమైనా ఉందేమోనని క్యాసెట్లు పగలగొట్టి టేపంతా లాగి చూశాడు. వాకిట్లో చిక్కులు పడి కుప్పలు కుప్పలు. మామ వాళ్ళ కాళ్ళ మీద పడ్డాడు. నేను బీడీల చేట ఒడిలో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఒకడు లాఠీతో తునికాకు కదిలించి వదిలేశాడు. జనార్దన్‌ను జీపులో తోసుకుని పోయారు.

చావనీ, అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

మరునాడు మామ ఠాణాకు పోయి ఎండలో కూర్చుని వచ్చాడు. కొడుకును చూపించలేదు. ఇంటికి వచ్చి నీళ్ళు కూడా అడగకుండా మగ్గం ముందర కూలబడ్డాడు.

"ఏమన్నరు మామా?"

"కోడు చెప్పుమంటున్నరట. ఆనికేం కోడు తెలుసు బిడ్డా? మిషిని మీద చూపెడుత అంటే, నీ క్యాసెట్లు ఏవిరా అని కొడుతున్నరట. వాళ్ళే పీకి పారేసిరి. ఇగ ఒక్కటి లేదు." మగ్గం గుంజ పట్టుకుని అన్నాడు, "ఇయ్యాల్నో రేపో అడవికి తోల్కపోతరని అనుకుంటుండ్రు."

అడవికి తోలుకుపోవడం అంటే ఏమిటో మా వైపు పసిపిల్లకైనా తెలుసు. ఎదురుకాల్పుల్లో ఒకరు మృతి అని పేపర్లో వస్తుంది. నాకు మా ఆయన వచ్చిన పెట్టె కళ్ళముందు కనబడింది. మేకులు కొట్టి ఉన్న పెట్టె. మూత తీయొద్దన్నారు. మొహం చూడకుండానే పూడ్చిపెట్టాం. అలాంటి ఇంకొక పెట్టె ఈ గడప దాటి లోపలికి రావడం నా వల్ల కాదు. వాడి మీద జాలి కాదు. జాలి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మిషనూ టేపురికార్డరూ ఒక మూటగా కట్టి, చేట అడుగు నుంచి క్యాసెట్టు తీసి, బొడ్లో దోపుకుని ఠాణాకు పోయాను.

ఎస్సై బయటి జిల్లా మనిషి. అతని గదిలో క్రికెట్ చూసే టీవీ ఉంది. "సారు, గది కోడు గాదు, అంచు. మిషిని మీద చూపెడుత," అన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, ఏ కళనున్నాడో గానీ, జనార్దన్‌ను తెమ్మన్నాడు. తెచ్చారు. వాడి చేతులు రెండూ వాచి కమిలి ఉన్నాయి. వేళ్ళు మడతపడటం లేదు. నా నోటి తిట్టు గుర్తొచ్చింది.

తీగలు వాడు చెబితే నేను తగిలించాను. ఏ మీట తర్వాత ఏ మీటో వాడు చెబితే నేను నొక్కాను. కోరుట్లలో పదో తరగతి దాకా చదివింది ఆ పూట అక్కరకొచ్చింది. క్యాసెట్టు తీసి చూపించగానే వాడి నోరు తెరుచుకుంది.

"కాలవెట్టిన అన్నవు గదా వదినె?"

"నోర్మూసుకోని చెప్పు. తర్వాత ఏది నొక్కాలె?"

టేపు తిరిగింది. గదిలో మా ఆయన మాట్లాడాడు.

"రత్నా, మంచిగున్నరా అందరు? బాపు దగ్గు తగ్గిందా? నీకొక ముచ్చట చెప్పాలె, ఎవ్వలకు చెప్పకు, నువ్వు గూడ నవ్వొద్దు..."

అంతే, కీచుమంది.

"ఆపు!" అన్నాడు ఎస్సై. "ఎవడీడు?"

"నా పెనిమిటి సారు."

"ఎక్కడున్నాడు?"

"సౌదీల సచ్చిపోయిండు."

"ఇంట్లో లేనివాళ్ళంతా గల్ఫులోనే ఉంటారమ్మా మీ ఊళ్ళలో. వెనక్కి తిప్పు."

"పెట్టెల వచ్చిండు సారు. ఊరంత చూసింది."

"తిప్పమన్నానా?"

తిప్పాను. మళ్ళీ విన్నాడు. ఆ దుర్మార్గుడి పుణ్యాన ఇంకోసారి విన్నాను. అంత భయంలోనూ నాకు దొంగ సంతోషం కలిగింది. పెట్టె వచ్చిన మాట నిజమేనని మూలనున్న ముసలి కానిస్టేబుల్ నెమ్మదిగా అన్నాక, ఇక కానిమ్మన్నాడు.

ఆ చప్పుడు గదంతా నిండి, చెవులు మూసుకోవాల్సినంత సేపు సాగింది. ఆగాక టీవీలో ఒక్కొక్క గడీ తెల్లగా నిండుకుంటూ వచ్చింది. వంకరలు, మెలికలు, మధ్యమధ్య చుక్కలు. ఎస్సై కుర్చీలోంచి లేచాడు.

"ఇది మ్యాపు! ఇది వాగు, ఇవి గుడిసెలు. ఇదేంటి, ఠాణానా?"

"హంస సారు," అన్నాడు జనార్దన్. వెంటనే వీపు మీద గుద్దు పడింది.

నేను చెంగు లాగి టీవీ పక్కన పరిచి పట్టుకున్నాను. నా ఒంటి మీదున్నది మామ నేసిన చీరే. "చూడు సారు. గీ ముక్కు, గా ముక్కు. గీ తోక, గా తోక. నీ ఠాణా మా చీర మీద ఎందుకుంటది?" ఎస్సై దగ్గరికొచ్చి అంచు పట్టుకుని, ఒకసారి చీరనూ ఒకసారి టీవీనీ చూశాడు. చూడటం అయ్యాక కూడా అంచు వదలలేదు. చాలాసేపు పట్టుకున్నాడు. నేనే లాక్కున్నాను.

"సరే. తీసుకుపో. మిషనూ తీసుకుపో. క్యాసెట్టు మాత్రం ఇక్కడుంటుంది."

"అంచే గద సారు? క్యాసెట్టు నీకెందుకు?"

"కోడ్ క్యాసెట్లు దొరికాయని పైకి చెప్పేశాను. మావాళ్ళు చూస్తే అన్నీ పీకి పెట్టారు. ఏమీ లేదని రాస్తాలే. కానీ చూపించడానికి వస్తువు ఉండాలి. వస్తువు లేకపోతే మనిషిని చూపించాలి." కుర్చీలో కూర్చున్నాడు. "నీ ఇష్టం."

కరెంటు తీగ పీకాను. హంసలు పోయాయి. టేపురికార్డరు మూత తెరిచి, క్యాసెట్టు తీసి, అతని బల్ల మీద పెట్టి, మూత మూశాను. మూట కట్టుకునేటప్పుడు ముడి సరిగ్గా పడలేదు. రెండుసార్లు కట్టాను.

బయట ఎండకు కళ్ళు తిరిగాయి. బస్సు కోసం వేపచెట్టు కింద నిలబడ్డాం. జనార్దన్ ఏడుస్తున్నాడు.

"నా కోసం దాసినవా వదినె?"

"నీ కోసమా? నీ మొకానికా?"

బస్సు వస్తే ముందు నేనే ఎక్కాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నిలబడి మాట్లాడలేదు. అట్టల్ని మళ్ళీ చదువుదామని మామ ఒకటి రెండు సార్లు చేతిలోకి తీసుకున్నాడు. ఉన్నది అనబోయి నోరు మూసుకునేవాడు. గోడవతల మనిషి ఉన్నదని భయం. మొదటి వానలకు చూరు కారి ఆ మిగిలినవి కూడా నాని ముద్దయ్యాయి. ఆయన మగ్గం దిగి మళ్ళీ ఎక్కలేదు. నేను బట్టల సంచీ పట్టుకుని కోరుట్లకు, మా అమ్మ ఇంటికి వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

వరినాట్లు పడుతుండగా జనార్దన్ అక్కడికి వచ్చాడు. మిషను అమ్మేశాడట, దుబాయికి వీసా దొరికిందట. బొంబాయి బస్సు కోరుట్ల మీదుగానే పోతుంది. అమ్మ మంచం వేసింది గానీ వాడు కూర్చోలేదు. కుడిచేతి రెండు వేళ్ళు వంకరగానే ఉండిపోయాయి, వాటిని సంచీ వెనక దాచుకుని నిలబడ్డాడు.

"పోతున్న వదినె."

"పోయిరా."

పోలేదు. గుంజకు ఆనుకున్నాడు.

"ఒక్కటి అడుగుత. అన్న ముచ్చట చెప్పాలె అన్నడు గద, ఏం ముచ్చట? నేను సెరిపేసింది... అండ్ల ఏమున్నది? నీకు యాదికున్నదా?"

"మాట మాట యాదికున్నది."

"మరి చెప్పు వదినె. నాకు గూడ అన్ననే గద."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నకోసమే తిరిగాయి, అబద్ధం కాదు. నాకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. చెబితే ఒక్క నిమిషం పట్టదు. ఆ ముచ్చట ఇద్దరి దగ్గర ఉంటే రేపు నేను పోయినా మిగులుతుంది. అదీ తెలుసు, వాడే నేర్పిన సంగతి అది.

"నీకు చెప్ప," అన్నాను.

వాడు తల ఊపి, సంచీ భుజాన వేసుకుని, బస్టాండు వైపు నడిచాడు. నేను గడపలోకి కూడా రాలేదు.

అప్పటి నుంచి ఆ ముచ్చటను పని మధ్యలో, నిద్ర పట్టనప్పుడు, నాలో నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పుకుంటూనే ఉన్నాను. ఒక్క మాట పోలేదు. నవ్వొద్దన్న చోట నవ్వు కూడా వస్తుంది. కానీ ఈ మధ్య అది ఆయన గొంతుతో వినబడటం లేదు. నా గొంతుతోనే వినబడుతోంది.